నాన్న చీరకు బేగడ

విన్నిపెగ్‌లో తమ బేస్‌మెంట్‌కి అద్దెకు రాబోయే ఆడపిల్లలకి చాముండేశ్వరి ఫోన్లో ఒకటే కోరిక కోరేది.

"పచ్చళ్ళూ పొడులూ మొయ్యకమ్మా, అవన్నీ ఇక్కడ దొరుకుతున్నాయి. సూట్‌కేసులో కాస్త చోటుంటే మాత్రం బేగడ పట్టుకురా."

"బేగడ అంటే ఏంటి ఆంటీ? తినేదా?"

"తినేది కాదే తల్లీ. పెళ్ళిలో బాసికాలకి అంటిస్తారు చూడు, తళతళలాడే రేకు. అది."

ఆ రెండు మూడేళ్ళూ ఏ విమానం దిగినా తెలుగు పిల్లలే. బస్సులో వెనక సీటులో తెలుగు, కాఫీ కౌంటర్ వెనక తెలుగు, మంచులో ఉద్యోగం కోసం నిలబడ్డ క్యూలో తెలుగు. చాముండేశ్వరి వచ్చిన కొత్తలో సూపర్‌మార్కెట్‌లో ఎవరైనా తెలుగులో దగ్గినట్టనిపించినా వెనక్కి తిరిగి చూసేది. ఇప్పుడు వాళ్ళ వీధిలోనే ప్రతి ఇంటి బేస్‌మెంట్‌లోనూ పిల్లలు. ఆవిడకి అందులో కలిగిన లాభమల్లా బేగడే. ఒక పిల్ల బంగారు రంగు తెచ్చేది, ఒకతె ఎరుపు, ఒకతె ఏదీ దొరక్క స్వీటు డబ్బా మీద రేకు చింపి తెచ్చేది. అన్నీ బిస్కట్ డబ్బాలో దాచుకునేది.

కావ్యశ్రీ జనవరిలో వచ్చింది. నల్గొండ పిల్ల. వచ్చిన రోజు గుమ్మంలో బూట్లు ఎక్కడ విప్పాలో తెలియక ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడిపోయింది. లోపలికి వచ్చి, టీ తాగి, సూట్‌కేసు కూడా తెరవకముందే చేతిసంచీలోంచి రెండు వస్తువులు తీసింది. ఒకటి బేగంబజార్‌లో కొన్న పొట్లం, తువ్వాల్లో చుట్టి తెచ్చింది. రెండోది సర్టిఫికెట్ల ఫైలు.

"ఇవి మీ కప్‌బోర్డ్‌ల పెడ్తరా ఆంటీ? కింద తడి ఉంటదేమోనని భయం."

చాముండేశ్వరి భర్త ఆంజనేయప్రసాద్ ఫైలు తెరిచి చూశాడు. టెన్త్ మెమో, ఇంటర్ మెమో, డిగ్రీ, ఆఖరికి కులం సర్టిఫికెట్ కూడా, ప్రతి కాగితమూ దళసరి ప్లాస్టిక్‌లో బిగించి ఉంది. వంచితే వంగడం లేదు.

"మా నాన్న చేయించిండు అంకుల్. విలువైనదేదీ గాలికి ఒదలొద్దు అంటడు. మా ఇంట్ల తాతయ్య ఫోటో, రేషన్ కార్డ్, అన్నీ లామినేషనే."

"మీ నాన్నని ఇటు రానివ్వకమ్మా," అన్నాడాయన. "నన్ను కూడా లామినేట్ చేసి గోడకి కొట్టేస్తాడు."

"విలువైనవాటికేగా చేయిస్తారు, మీకెందుకు భయం?" అంది చాముండేశ్వరి. పిల్ల ఆ దేశంలో మొదటిసారి నవ్వింది.

పొట్లం విప్పి చూస్తే సగం నిజమైన రేకు, సగం ప్లాస్టిక్ చమ్కీలు. చేతితో తడమగానే తెలిసిపోయింది. అంత దూరం నుంచి తువ్వాల్లో చుట్టి తెచ్చిన పిల్లతో కొట్టువాడు నిన్ను మోసం చేశాడని చెప్పబుద్ధి కాలేదు. "భలే తెచ్చావే," అని డబ్బాలో పోసుకుంది.

బేగడ ఆవిడకి ఎందుకో చెప్పాలంటే తెనాలి వెళ్ళాలి.

వాళ్ళ నాన్న లక్ష్మీకాంతం పగలు రైస్ మిల్లులో గుమాస్తా, రాత్రి నాటక సమాజంలో రాణి. ఆ పేరుతో ఆడవేషం కాక మరేం కడతావని స్నేహితులు ఏడిపించేవాళ్ళట. గొంతు సన్నం, నడుమూ సన్నం, సవరం పెట్టి జడ వేస్తే వెనకనించి చూసినవాళ్ళు మగవాడంటే నమ్మేవారు కాదు. ఉత్సవాల రోజుల్లో స్టూడియో ఆయన నటులందర్నీ రంగుల తెర ముందు నిలబెట్టి ఫోటోలు తీసి, దళసరి అట్టమీద అచ్చువేయించి, డేరా గేటు దగ్గర వేరుశనక్కాయల పక్కన పెట్టి అమ్మించేవాడు. అవి కొనుక్కుపోయి ఇళ్ళలో ఆడవాళ్ళు సింగారించేవాళ్ళు. ఆ ఊళ్ళో అది ఒక సరదా. బొమ్మలో చీర ఉన్నంత మేరా గోళ్ళ కత్తెరతో కత్తిరించి, వెనకనించి నిజం పట్టు ముక్క అతికించేవారు. వడ్డాణానికి, వంకీలకి, కిరీటానికి బేగడ. అంతా తుమ్మ జిగురుతోనే. ముఖం, చేతులు మాత్రం అచ్చులో ఎలా ఉంటే అలాగే ఉంచాలి. అన్నిటికన్నా చివర ముక్కుపుడక. అది బొమ్మని గోడకి తగిలించే రోజు పొద్దున, స్నానం చేసి అంటించాలి. ముక్కుపుడక పెట్టాక ఇక ఆ బొమ్మ మీద కత్తెర ఆనకూడదు. అంతవరకూ అది బొమ్మే, ఆ తర్వాత మనిషి అనేవారు.

చాముండేశ్వరి ఒకటో తరగతిలో ఉండగా స్నేహితురాలి ఇంటికి వెళ్ళింది. ఆ ఇంటి గోడ మీద నీలం పట్టుచీర కట్టుకుని, నిలువెల్లా తళతళలాడుతూ వాళ్ళ నాన్న.

"ఈ మహారాణి ఎవరో చెప్పుకో చూద్దాం," అంది ఆ ఇంటి మామ్మగారు.

"మా నాన్న!"

ఇల్లంతా ఒకటే నవ్వు. ఆ కబురు వాళ్ళమ్మ చెవిన పడింది. సాయంత్రం అమ్మ ఆమె తొడ మీద గట్టిగా గిల్లింది, ఎందుకో చెప్పలేదు. ఊళ్ళో ఎన్నో ఇళ్ళలో నాన్న బేగడ పెట్టుకుని గోడలెక్కాడు. సొంత ఇంట్లో మాత్రం ఆయన బొమ్మ ట్రంకుపెట్టె అడుగున చీరల కింద పడుకుంది. ఒకసారి, ఆమె నిద్రపోతుందనుకుని, నాన్న అమ్మతో అనడం ఆమె విన్నది. "మనింట్లో బొమ్మక్కూడా ఓ చీర కట్టవే." అమ్మ లాంతరు వత్తి తగ్గించింది. అంతే.

అమ్మ పోయాక ఆ బొమ్మ చాముండేశ్వరికి వచ్చింది. దాంతోపాటు ఒక కుంకుమ భరిణె, అందులో నాన్న వేషం ముక్కుపుడకలోంచి రాలిన గాజురాయి ఒకటి. మిగతా ఇళ్ళలోని బొమ్మలన్నీ చెదలు తిన్నాయో, చెత్తలో పోయాయో, తెలియదు. ఆమెకి తెలిసి ఇక మిగిలింది ఇదొక్కటే.

కెనడాలో ఇన్నేళ్ళూ చాముండేశ్వరి బడి క్యాంటీన్‌లో పనిచేస్తూ, ఆదివారాలు ఏవేవో బొమ్మలకి బేగడ అంటించింది. క్యాలెండర్ బొమ్మలకి, పాత పత్రికల బొమ్మలకి. క్రిస్మస్ వెళ్ళాక సెకండ్‌హ్యాండ్ షాపుల్లో దొరికే తళుకులన్నీ ఆవిడవే. నాన్న బొమ్మ మాత్రం ముట్టుకోలేదు. కత్తెర పెడితే మళ్ళీ అతకదు. చెయ్యి ఇంకా కుదరాలి, ఇంకా కుదరాలి అనుకుంటూ ఉండగానే కంటిచూపు మధ్యలో మసక మొదలైంది. ఎదుటి మనిషి చెవులు కనిపిస్తాయి, ముఖం కనిపించదు. కంట్లో ఇంజెక్షన్లు ఇస్తే ఉన్నచూపు కొన్నాళ్ళు నిలబడుతుందేమో గాని, పోయింది మాత్రం రాదన్నాడు డాక్టరు.

ఆ రోజు ఇంటికొచ్చి ట్రంకులోంచి బొమ్మ తీసింది.

ఓక్‌విల్‌లో ఉన్న కొడుకు చక్రధర్ ఫోన్లో మొత్తుకున్నాడు. "మామ్, వై ద ఒరిజినల్? స్కాన్ చేసి ప్రింట్ తీసిస్తా, దాని మీద చెయ్."

"నాన్న అడిగింది ఈ బొమ్మకిరా," అంది. ఆ పిల్లవాడికి ఆ మాట అర్థం కాలేదు. "ఓకే మామ్, యువర్ కాల్," అన్నాడు.

అలా ఆ చలికాలమంతా కావ్యశ్రీ ఆవిడకి కళ్ళయింది. కాలేజీ అయ్యాక, ఉద్యోగాల అప్లికేషన్లు పెట్టీ పెట్టీ విసిగిపోయాక, పైకొచ్చి డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చునేది.

"ఇది ఏ రంగే?"

"పచ్చ ఆంటీ. కాదు కాదు, నెమలి పచ్చ."

"అంచు దాటానా?"

"కొంచెం. ఎడమకి. ఆ... ఆపుండ్రి, ఆపుండ్రి."

"మావయ్యగారికి నడుం కాస్త లావు చేస్తున్నారు మీరిద్దరూ," అనేవాడు ఆంజనేయప్రసాద్ పక్కనుంచి. "అల్లుణ్ణి నేనున్నాను, ఊరుకోను."

కత్తిరించిన చోట పట్టు ముక్క వెనకనించి అతికాక, చాముండేశ్వరికి ఒక సంగతి తెలిసింది. కళ్ళు మూసుకుని వేళ్ళతో రాస్తే బొమ్మ కనిపిస్తోంది. ఇక్కడ పట్టు మెత్తన, ఇక్కడ వడ్డాణం గరుకు, ఇక్కడ కుచ్చిళ్ళు ఒకటి తర్వాత ఒకటి మెట్లలా. మధ్యలో నున్నగా తగిలేదే నాన్న ముఖం. ఎవరి ముఖమూ కనిపించని ఆవిడకి ఆ ఒక్క ముఖం ఎక్కడుందో వేలికి తెలుసు. రోజూ పడుకోబోయే ముందు ఒకసారి తడిమి పడుకునేది. పైట మీద చుక్కలకి కావ్యశ్రీ తెచ్చిన ప్లాస్టిక్ చమ్కీలే వాడింది, పిల్ల చూసి సంతోషిస్తుందని.

మార్చిలో ఆ పిల్లకి ఉద్యోగం దొరికింది, ఒక ప్రింటింగ్ షాపులో. ఫ్లయర్లు, బ్యానర్లు, విజిటింగ్ కార్డులు. మొదటివారం ఇంటికొచ్చి అరగంట సేపు మెషీన్ల గురించే చెప్పింది.

"మా మేనేజర్ నాకు పెద్ద లామినేటర్ ఒప్పజెప్పిండు ఆంటీ! ఇంకెవర్నీ ముట్టుకోనియ్యడు. నువ్వు బాగ చేస్తున్నవ్ అన్నడు."

ఆ దేశానికి వచ్చాక ఆ పిల్లని ఎవరైనా బాగా చేస్తున్నావని అనడం అదే మొదలు.

ఉగాది వేడుకలో బొమ్మని పెట్టమని తెలుగు సంఘం నుంచి మీనాక్షిగారు అడిగింది. చాముండేశ్వరి ముందు ఒప్పుకోలేదు. తర్వాత ఆలోచించింది. నాన్న మళ్ళీ నలుగురిలో నిలబడతాడు. ఈసారి ఇంటివాళ్ళు కట్టిన చీరతో. పండగ పొద్దున్నే ముక్కుపుడక పెట్టి తీసుకెళ్దామనుకుంది.

"పిల్లలు చేతులు వేస్తారేమో," అంది ఆ సాయంత్రం. "ఆ జిగురు చెమట తగిలినా ఊడొస్తుంది. ఏదో ఒకటి చెయ్యాలి."

ఆంజనేయప్రసాద్ అద్దం పెట్టె కట్టిద్దామన్నాడు. కావ్యశ్రీ చేతులు తుడుచుకుంటూ బొమ్మవైపే చూస్తూ నిలబడింది.

ఉగాది ముందురోజు చాముండేశ్వరికి ఇంజెక్షన్. ఒక కంటికి కట్టుతో, భర్త భుజం పట్టుకుని ఇంట్లోకి వచ్చేసరికి కావ్యశ్రీ గుమ్మంలోనే ఉంది.

"ఆంటీ, కూసోండ్రి. కూసోండ్రి ముందు. సర్‌ప్రైజ్."

చేతుల్లో ఏదో పెట్టింది. చల్లగా, బల్లలా బిగుసుకుని ఉంది. చాముండేశ్వరి వేళ్ళు దాని మీద ఇటునుంచి అటు జారిపోయాయి. మళ్ళీ జారిపోయాయి. ఎక్కడా పట్టు లేదు, ఎక్కడా గరుకు లేదు. అక్కడక్కడా ఏవో బుడిపెలు.

"ఏమిటే ఇది?"

"బొమ్మ ఆంటీ. మీ నాన్నగారిది. లామినేట్ చేసిన. పెద్ద మెషీన్ల, ఫుల్ థిక్‌నెస్ పెట్టి. ఒక్కకాడ జర ఆగింది గాని మళ్ళా కదిలింది. కొంచెం నొక్కుకపోయింది ఆంటీ, కొంచెమే. కానీ ఇంగ ఎవ్వరు ముట్టుకున్నా ఏం గాదు. వందేండ్లయినా ఏం గాదు."

ఆంజనేయప్రసాద్ వంగి చూశాడు. ఏదో ఒక వేళాకోళం ఆడతాడని ఆవిడ ఎదురుచూసింది. ఆయన ఆడలేదు.

"ఎలా ఉందండీ?" అంది.

"బాగానే..."

"చెప్పండి."

"రేకు చితికింది. పైట మీద చుక్కలు కరిగి పారాయి. పట్టు... వేడికి ముడుచుకుపోయింది. ముఖం బాగానే ఉందోయ్. ముఖానికి ఏం కాలేదు."

ముఖం ఆవిడకి కనిపించదు. ఆయనకీ ఆ సంగతి తెలుసు. అనేశాకే గుర్తొచ్చింది.

ఆవిడ వేలు ఇంకా వెతుకుతూనే ఉంది. అంతా ఒకటే నునుపు. వడ్డాణం నునుపు, కుచ్చిళ్ళు నునుపు, ముఖమూ అదే నునుపు. ఏది ఎక్కడుందో తెలియడం లేదు. కనిపించక కొంత పోయింది, ఇప్పుడు తగలక అంతా పోయింది.

అప్పటికి కావ్యశ్రీకి అర్థమైంది. ఒక్కసారిగా కాదు, మెల్లగా. ముందు నవ్వు ఆగింది. తర్వాత, "నేను... మళ్ళా తీసేయొచ్చు కదా అంకుల్? వేడి చేస్తే వస్తది కదా?" అంది.

ఆంజనేయప్రసాద్ పాతికేళ్ళు బస్సుల రిపేరు షెడ్డులో పనిచేసినవాడు. ఆయన చేతిలో బాగుపడని వస్తువు ఆ ఇంట్లో లేదు. పల్చటి చాకు తెచ్చాడు, దీపం కిందికి జరిపాడు, ఒక మూల ప్లాస్టిక్ పొరల మధ్యకి మెల్లగా దూర్చాడు. కాస్త విడింది. విడిన ప్లాస్టిక్‌తో పాటే కాగితం పై పొర కూడా లేచి వచ్చింది, దాని మీద బొమ్మలోని తెర అంచు రంగుతో సహా. ఆయన చాకు కింద పెట్టేశాడు.

చక్రధర్‌కి ఫోన్ చేశారు. "డోంట్ పీల్ ఇట్, మామ్. ప్లీజ్. దేర్ మస్ట్ బి సమ్‌వన్," అన్నాడు. మ్యూజియంలో పాత కాగితాలు బాగుచేసే ఒకావిడకి కావ్యశ్రీ మెయిల్ పెట్టింది. ఆవిడ మంచిది, సాయంత్రానికే జవాబిచ్చింది. జిగురు నీళ్ళలో కరిగేది, ప్లాస్టిక్ వేడికి అతికింది. ఒకదాన్ని విడదీయబోతే రెండోది పోతుంది. అలాగే ఉంచడం మంచిది. చాలా విచారంగా ఉంది, అని రాసింది. కావ్యశ్రీ ఆ మాటలు చదివి వినిపించి, ఫోన్ బోర్లా పెట్టింది.

"తిట్టండ్రి ఆంటీ," అంది. "అట్ల కూసోకండ్రి. నన్ను తిట్టండ్రి, ప్లీజ్."

చాముండేశ్వరికి నీ తప్పేం లేదమ్మా అనడానికి మాట రాలేదు. నీ తప్పే అనడానికీ రాలేదు. ఆ పిల్ల తండ్రి ఇంట్లో అపురూపమైన ప్రతిదాన్నీ అలాగే దాచాడు. తన తండ్రి బొమ్మని ఆ పిల్ల అంత అపురూపంగానే చూసింది. ఇందులో కోపం ఎక్కడ మోపాలో ఆవిడకి తెలియలేదు. చెయ్యి చాపితే పిల్ల తల తగిలింది. కాసేపు అలాగే ఉంచింది, నిమరలేదు.

"వెళ్ళి పడుకో," అంది చివరికి. "పొద్దున్నే లేవాలి."

"పొద్దున్నా? ఇంగెందుకు ఆంటీ?"

"ముక్కుపుడక పెట్టాలిగా."

ఉగాది పొద్దున బయట మంచు కురుస్తోంది. చాముండేశ్వరి తలస్నానం చేసి, కంటికట్టు విప్పి, బొమ్మని టేబుల్ మీద గోడకి ఆనించి నిలబెట్టి కూర్చుంది. తుమ్మ జిగురు రాత్రే నానబెట్టింది. భరిణెలోంచి గాజురాయి తీసి వేలికొసకి అద్దుకుంది. కావ్యశ్రీ పక్కన నిలబడింది. పిల్ల కళ్ళు ఎలా ఉన్నాయో ఆవిడకి కనిపించదు గాని, ముక్కు ఎగబీల్చడం వినిపించింది.

"ఎక్కడే?"

పిల్ల అరచేత్తో ముఖం తుడుచుకుంది.

"ఎక్కడో చెప్పు. నాకు దొరకడం లేదు."

"కొంచెం పైకి. కుడికి... ఇంకా. ఆ. ఆడ."

రాయిని నొక్కి పట్టింది. జిగురు ఆరేదాకా లెక్కపెట్టుకున్నట్టు పెదవులు కదిపింది. వేలు తీసింది. రాయి వేలితోనే వచ్చేసింది.

మళ్ళీ జిగురు ముంచింది, మళ్ళీ పెట్టింది. ఈసారి రాయి నిలిచింది అనుకునే లోపల ప్లాస్టిక్ మీద నెమ్మదిగా జారి, బుగ్గ దాటి కిందికి దిగింది. కాగితాన్నీ పట్టునీ పట్టుకునే జిగురు అది. ఈ నునుపు దానికి తెలియదు.

"ఆంటీ, నా దగ్గర సూపర్ గ్లూ ఉంది," అంది కావ్యశ్రీ, వెంటనే నాలిక్కరుచుకుంది. "వద్దులెండ్రి."

"వద్దు," అంది చాముండేశ్వరి. "ప్లాస్టిక్‌కి అతుకుతుంది. నాన్నకి కాదుగా."

బయట ఆంజనేయప్రసాద్ కారు వేడెక్కించి హారన్ కొట్టాడు. లోపలికి వచ్చి, బూట్లతోనే గుమ్మం దగ్గర నిలబడి, "ఏమోయ్, మీనాక్షిగారు ఫోన్ చేస్తున్నారు. బొమ్మ తెస్తున్నారా అంటున్నారు. ఏం చెప్పను?" అన్నాడు.

ఆవిడ రాయిని మూడోసారి వేలికొసకి తీసుకుంది.

"చెప్పవే, ఎక్కడ?"

"పైకి ఆంటీ. జర కుడికి. ఆ... ఆడనే."

పెట్టింది. ఈసారి వేలు తియ్యలేదు.

"ఉందా?"

కావ్యశ్రీ వంగి చూసింది. ఆ వేలి పక్కన, చితికిన రేకుల మధ్య, నీళ్ళలో మునిగినట్టున్న ముఖానికి ముక్కు దగ్గర చిన్న మెరుపు.

"ఉంది ఆంటీ."

"బాగుందా?"

"బాగుంది."

"ఏవండీ," అంది చాముండేశ్వరి భర్తతో, "కాసేపట్లో వస్తామని చెప్పండి." చెప్పింది గాని లేవలేదు. మోచెయ్యి టేబుల్‌కి ఆనించి, చెయ్యి నొప్పెట్టకుండా రెండో చేత్తో మణికట్టు పట్టుకుంది. కిటికీ అవతల కారు పొగ వదులుతూ నిలబడి ఉంది. లోపల ముగ్గురి ధ్యాసా ఆ వేలి మీదే.